కంతి తీసేశారు సరే, బ్లాక్ ఎక్కడుంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా అత్తగారికి 64 ఏళ్ళు. తల వెనక భాగంలో ఆవిడకి ఇరవై ఏళ్ళుగా ఒక కంతి ఉండేది. చింతపిక్కంత ఉండి, నొప్పి లేకపోవడంతో ఎవరం పట్టించుకోలేదు. నిరుడు సింహాచలంలో తలనీలాలు ఇస్తుంటే కత్తి గీసుకుని రక్తం వచ్చింది. ఆ పుండు మానలేదు సరికదా, ఆరేడు నెలల్లో కంతి నిమ్మకాయంత అయింది. ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో మత్తింజెక్షన్ ఇచ్చి తీసేశారు. మామూలు సిస్టే అన్నారు. పరీక్షకు పంపితే రిపోర్టు వేరేగా వచ్చింది: "ముక్కలుగా అందింది. ప్రొలిఫరేటింగ్ ట్రైకిలెమ్మల్ ట్యూమర్. కణాల్లో ఎటిపియా ఉంది. మాలిగ్నెన్సీ కాదని చెప్పలేం. అంచులు అంచనా వేయలేం. ఐహెచ్‌సీ, క్లినికల్ కోరిలేషన్ అవసరం." ఇది క్యాన్సరా, కాదా? మళ్ళీ కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుందని మా పెద్దాడపడుచు అంటోంది, ఎవరో పసరు వేస్తారట. అత్తగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. మా ఆయన తలలోనూ రెండు చిన్న కంతులున్నాయి. బరంపురం వెళ్ళాలా, విశాఖ వెళ్ళాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క విషయం లేదు. ఆ కంతి ముక్కలు ఇప్పుడు ఎక్కడున్నాయి? మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

క్యాన్సరా కాదా అంటే, మీరు పంపిన రిపోర్టును బట్టి నేనే కాదు, ఇంకెవరూ తేల్చి చెప్పలేరు. రాసిన పెథాలజిస్టు, అంటే ముక్కను మైక్రోస్కోపులో చూసి రిపోర్టు ఇచ్చే డాక్టరు, దాటవేశారనుకోకండి. ఆయనకు అందిన సరుకుతో నిజాయితీగా రాయగలిగింది అంతే. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే తర్వాత ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

వెంట్రుక చర్మంలోకి దిగే చోట దాని చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగులోని కణాల నుంచే తల మీద చాలామందికి కంతులు పుడతాయి. వీటిని ట్రైకిలెమ్మల్ సిస్టులు, పైలార్ సిస్టులు అంటారు. నూటికి తొంభై తల మీదే వస్తాయి, ఆడవాళ్ళలో ఎక్కువ. ఓపీ చీటీల మీద వీటన్నిటికీ 'సెబేషియస్ సిస్ట్' అని రాసేయడం అలవాటైపోయింది గానీ, నూనె గ్రంథులకూ వీటికీ సంబంధం లేదు. లోపల ఉండేది కొవ్వు కాదు, కెరటిన్, అంటే గోరు, వెంట్రుక తయారయ్యే పదార్థమే. ఇవి ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. ఇరవై ఏళ్ళు మీ అత్తగారి తలలో ఉన్నది బహుశా ఇదే.

కొద్దిమందిలో, అందులోనూ అరవై దాటిన ఆడవాళ్ళలో, ఈ సిస్టు గోడలోని కణాలు లోపలివైపు పెరగడం మొదలుపెడతాయి. అదే మీ రిపోర్టులో ఉన్న ప్రొలిఫరేటింగ్ ట్రైకిలెమ్మల్ ట్యూమర్. చూడటానికి పెద్దదిగా, పుండుపడి, వాసనతో భయపెట్టేలా ఉన్నా ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. కొన్ని మాత్రం అవుతాయి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే కష్టం. 2004లో ఇలాంటి 76 కంతుల్ని ఒకచోట పెట్టి చూసిన ఒక అధ్యయనం వీటిని మూడు తరగతులుగా విడదీసింది. అంచు నున్నగా ఉండి కణాల్లో పెద్దగా తేడా లేనివి నిరపాయమైనవి. అంచు చుట్టుపక్కలకి దూరినవి తక్కువ స్థాయి క్యాన్సర్లు. దూరడంతో పాటు కణాలు బాగా వికృతంగా ఉండి, అసహజంగా విడిపోతూ, మధ్యలో చచ్చిన భాగాలున్నవి తీవ్రమైనవి. ఒక తరగతి నుంచి ఇంకోదానికి వెళ్ళేకొద్దీ మళ్ళీ వచ్చే ప్రమాదం, మెడ బిళ్ళలకు (లింఫ్ గ్రంథులకు) పాకే ప్రమాదం పెరుగుతాయి.

గమనించారా, తేడా ప్రధానంగా అంచులోనే ఉంది. వేరుశెనగ కాయ మట్టిని పక్కకు నెట్టుకుని పెరిగినట్టు కంతి పక్కనున్న కండను నెడుతోందా, లేక గరిక వేరులా సందుల్లోకి చొచ్చుకుపోతోందా అన్నది చూడాలి. ఇది తెలియాలంటే కంతి ఒకే ముద్దగా, చుట్టూ కాస్త మంచి చర్మంతో, అడుగున కాస్త కొవ్వుతో సహా పెథాలజిస్టు చేతికి రావాలి. మీవాళ్ళది పిండి, గీకి, ముక్కలుగా తీసినట్టుంది. మామూలు సిస్టు అనుకున్నప్పుడు అలా చేయడం వింతేమీ కాదు. కానీ ముక్కలయ్యాక ఏది అంచో, ఏది లోపలో చెప్పడం కుదరదు. "అంచులు అంచనా వేయలేం" అన్న వాక్యం అక్కణ్ణుంచి వచ్చింది. రిపోర్టు మొత్తంలో నేను ఎక్కువ బరువిచ్చేది ఆ వాక్యానికే, ఎటిపియా, అంటే కణాలు మామూలు రూపంలో లేవు అన్న మాటకు కాదు. రాసుకుపోయి పుండుపడిన సిస్టులోనూ కణాలు కాస్త చెదిరినట్టే కనిపిస్తాయి.

మొదట్లోనే సూది పరీక్ష చేయించి ఉంటే తెలిసిపోయేదని ఎవరైనా అంటే నమ్మకండి. సూదిలోకి విడి కణాలు వస్తాయి, వాటి అమరిక రాదు. తల మీద కంతికి సూది పరీక్షలో "కెరటిన్, పొలుసు కణాలు" అని వస్తే అది మామూలు సిస్టు కావచ్చు, ఇది కావచ్చు, మామూలు చర్మ క్యాన్సర్ కూడా కావచ్చు. స్కానింగ్ కూడా అంతే. ఎముక దాకా వెళ్ళిందా, మెడలో బిళ్ళలున్నాయా అన్నది చెబుతుంది గానీ కంతి పేరు చెప్పదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ల్యాబ్‌లో మీ అత్తగారి కంతి ముక్కల్ని మైనంలో పోసి చిన్న దిమ్మలు చేస్తారు. వాటినే పారఫిన్ బ్లాకులంటారు. ఆ దిమ్మ నుంచి అతి పలచటి పొరలు కోసి, రంగు వేసి, గాజు పలక మీద అంటిస్తే అది స్లైడ్. రిపోర్టు రాశాక ఇవి పారేయరు, దాచిపెడతారు. బ్లాక్ చేతిలో ఉంటే కొత్త స్లైడ్లు కోయవచ్చు, ఐహెచ్‌సీ అనే రంగుల పరీక్ష చేయవచ్చు, వేరేచోట మళ్ళీ చూపించుకోవచ్చు. రిపోర్టు జిరాక్సు ఒక్కటే పట్టుకెళితే పెద్దాస్పత్రిలో చేసేదేమీ ఉండదు, "బ్లాకులు తెచ్చుకోండి" అని వెనక్కి పంపుతారు. గుణుపురం నుంచి విశాఖకు రైల్లో వెళ్ళి, ఆ మాట విని తిరిగి రావడం ఎంత విసుగో మీరే ఊహించుకోండి.

కాబట్టి ముందు నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి శాంపిల్ ఏ ల్యాబ్‌కి పంపారో కనుక్కోండి. చాలాసార్లు కలెక్షన్ సెంటర్ ఒకటి ఉంటుంది, అసలు ల్యాబ్ ఇంకో ఊళ్ళో ఉంటుంది. రిపోర్టు మీద బయాప్సీ నంబరు ఉంటుంది, ఆ నంబరుతో ఒక చిన్న అర్జీ రాసి బ్లాకులన్నీ, స్లైడ్లన్నీ కావాలని అడగండి. అత్తగారి సంతకమో వేలిముద్రో అడుగుతారు. ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి కాగితం కూడా తీసుకోండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఎన్ని ముక్కలు పంపారో, ఎన్ని బ్లాకులు చేశారో కూడా అడగండి. అందిన సరుకులో కొంతే బ్లాకు చేసి మిగతాది ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) సీసాలో ఉంచి ఉండవచ్చు. అలా ఉంటే మిగిలినదంతా బ్లాకు చేయమనండి, అసలు జవాబు ఆ మిగిలిన దాంట్లోనే దొరికిన సందర్భాలున్నాయి. బ్లాకులు మైనమే కాబట్టి ఎండాకాలం కారు అద్దం దగ్గరో డిక్కీలోనో పెట్టకండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతి సంచిలోనే ఉంచుకోండి.

ఐహెచ్‌సీ అంటే ఏమిటో ఎవరూ చెప్పి ఉండరు. అదే బ్లాకు నుంచి పొరలు కోసి, కణాల్లో ఉండే ఫలానా ప్రోటీన్‌కి మాత్రమే అతుక్కునే రంగులు వేసి చూస్తారు. కొత్తగా రక్తం ఇవ్వాల్సిన పని లేదు, కోయించుకోవాల్సిన పని అంతకన్నా లేదు. ఇక్కడ సీడీ34 అనే పరీక్ష వెంట్రుక తొడుగు కణాల్ని పట్టిస్తుంది. క్యాన్సర్‌గా మారినచోట అది తగ్గిపోవడమో మాయమవడమో జరుగుతుంటుంది. కేఐ67 కణాలు ఎంత జోరుగా విడిపోతున్నాయో చూపిస్తుంది. ఇవి సాయపడతాయి గానీ తీర్పు చెప్పవు. "ఐహెచ్‌సీ పాజిటివ్ వస్తే క్యాన్సర్, నెగెటివ్ వస్తే కాదు" అని కౌంటర్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఒక్కటంటే ఒక్క రంగు కూడా ఈ కంతి విషయంలో ఆ పని చేయదు. అందుకే నా సలహా, విడిగా డబ్బు పోసి ముందే ఐహెచ్‌సీ చేయించకండి. బ్లాకుల్ని మళ్ళీ చదివే పెథాలజిస్టే ఏవి కావాలో చెబుతారు, అవసరం లేదని కూడా అనవచ్చు.

ఆ మళ్ళీ చదివేటప్పుడు వాళ్ళు ముఖ్యంగా తేల్చుకునేది, ఇది వెంట్రుక తొడుగుదేనా, లేక పైచర్మం నుంచి వచ్చే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సరా అని. రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మధ్య పొర లేకుండా కణాలు ఒక్కసారిగా కెరటిన్‌గా మారిపోవడం, పక్కనే పాత సిస్టు గోడ ఆనవాలు మిగిలి ఉండటం మొదటిదాన్ని సూచిస్తాయి. ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. పెద్దవయసువాళ్ళలో రొమ్ము, ఊపిరితిత్తి, కిడ్నీ క్యాన్సర్లు తల చర్మానికి పాకి ఇలా కంతిలా కనిపించిన సందర్భాలున్నాయి. మీ అత్తగారిది ఇరవై ఏళ్ళ కంతి కాబట్టి ఆ అవకాశం తక్కువ. అయినా రొమ్ము పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అడిగితే "తలలో కంతికి ఇవెందుకు" అనుకోకండి.

ఇక "క్లినికల్ కోరిలేషన్" అన్న మాట. రిపోర్టుల్లో అది ఊరికే వేసే ముద్రలా మారింది గానీ ఇక్కడ దానికి గట్టి అర్థమే ఉంది. పెథాలజిస్టు చేతికి వెళ్ళే ఫారంలో చాలావరకు "సిస్ట్, స్కాల్ప్" అని రెండే మాటలుంటాయి. ఇరవై ఏళ్ళు కదలకుండా ఉన్నది, ఆరేడు నెలల్లో చింతపిక్క నుంచి నిమ్మకాయ అయిందన్న విషయం ఆయనకు ఎవరు చెప్పారు? పాత సిస్టు ఉన్నట్టుండి జోరుగా పెరగడం, పుండు పడటం, మానకపోవడం చాలా విలువైన ఆనవాళ్ళు. ఒక తెల్లకాగితం మీద మీరే రాయండి. కంతి ఎప్పటి నుంచి ఉంది, పెరుగుదల ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఎప్పుడైనా పిండించారా, కోయించారా, చెవి వెనక, మెడ మీద బిళ్ళలు తగులుతున్నాయా, బరువు తగ్గారా. పాత ఫోటోల్లో కంతి కనిపిస్తే అవి కూడా తీసుకెళ్ళండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, విశాఖలో అయితే చదువుతారు. బరంపురంలో చదివే తెలుగువాళ్ళు ఎవరో ఒకరు దొరక్కపోరు.

ఈ కాగితం సరిగ్గా రాయాలంటే మీ అత్తగారిని అడగాలి. ఆవిడకేమీ చెప్పకుండా ఎలా అడుగుతారు? తల దువ్వుకునేది ఆవిడ, దిండు మీద తల పెట్టుకునేది ఆవిడ. కత్తి తగలకముందే పెరగడం మొదలైందా, తగిలాకా అన్నది ఆవిడకే తెలుసు. నాకైతే ముందే మొదలై ఉంటుందనిపిస్తోంది, చిన్న కంతి కత్తికి అంత తేలిగ్గా అడ్డు రాదు. మంగలి కత్తి వల్ల క్యాన్సర్ రాదు, ఆ బెంగ మీకూ వద్దు, ఆవిడకూ వద్దు. "పరీక్షలో తేడా ఉందన్నారు, పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అని ఉన్నమాట చెప్పండి. ఇంకా తేలని పేరును ముందే పెద్దది చేసి చెప్పక్కర్లేదు.

మీ ఆడపడుచుగారి మాట తీసిపారేయను. సగం తీసిన కంతి రెండింతలై తిరిగి రావడం మన పల్లెల్లో చాలామంది చూశారు, ఆ భయం అక్కణ్ణుంచే పుట్టింది. కానీ పాకించేది కత్తి కాదు, మిగిలిపోయిన కణాలు. పసరు మాత్రం ఒద్దే ఒద్దు. పసరు, సున్నం లాంటివి చర్మాన్ని కాలుస్తాయి. పుండు పెద్దదవుతుంది, కింద ఏం పెరుగుతోందో కనిపించదు, రేపు మళ్ళీ ముక్క తీస్తే కాలిన కణాల్లో పెథాలజిస్టుకు ఏమీ తెలియదు.

బరంపురమా, విశాఖా అంటే రెండూ సరైనవే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సర్జరీ, పెథాలజీ, చర్మవ్యాధుల విభాగాలు ఒకే ఆవరణలో ఉన్నాయి. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. మీ స్థితిలో నేనైతే రెండోదానికే మొగ్గుతాను. చికిత్స బరంపురంలో చేయలేరని కాదు. ఇలాంటి అరుదైన కంతిని చదివే కన్ను, ఆపరేషన్ చేసే చెయ్యి ఒకేచోట ఉండి, మాట్లాడుకుని నిర్ణయిస్తే మంచిదని. భాష కూడా కలిసొస్తుంది. ఆరోగ్య పథకం కార్డు సంగతి మాత్రం ముందే చూసుకోండి. ఒడిశాలో ఉంటున్నవారికి ఆంధ్ర ఆరోగ్య పథకం వర్తించదు. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి మీ కార్డు రాష్ట్రం బయట ఆ పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో చెల్లాలి. బయలుదేరే ముందే ఆ ఆస్పత్రి ఆయుష్మాన్ కౌంటరుకు ఫోన్ చేసి అడగండి.

అక్కడ ఏం జరగవచ్చంటే, తలను, మెడను చేత్తో చూసి, మెడకు అల్ట్రాసౌండు, అవసరమైతే తలకు సీటీ తీస్తారు. బిళ్ళ ఏదైనా అనుమానంగా ఉంటే దానికి సూది పరీక్ష చేస్తారు, అక్కడ సూది పరీక్ష బాగా పనికొస్తుంది. బ్లాకుల్లో నిరపాయమని తేలినా మొదటిసారి ముక్కలుగా తీశారు కాబట్టి పాత మచ్చను పూర్తిగా తీయించుకోమనే అంటారు. క్యాన్సర్ అని తేలితే చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు మంచి చర్మంతో సహా తీసి, ఈసారి ఏ వైపు ఏదో తెలిసేలా దారంతో గుర్తు పెట్టి పంపుతారు. తల చర్మం సాగదు కాబట్టి తొడ నుంచి పలచటి పొర తెచ్చి అతకాల్సి రావచ్చు. రేడియేషన్ కొందరికే అవసరం. కీమో గురించి ఇప్పుడు ఆలోచించనే వద్దు. ఆ తర్వాత మొదటి రెండేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి, మానేయకూడదు. ఇదంతా రేపటికి రేపే పరుగెత్తాల్సిన పని కాదు గానీ, నెలలు నానబెట్టే పనీ కాదు. రెండు మూడు వారాల్లో బ్లాకులు అక్కడికి చేరితే చాలు.

వెంట్రుక మూలం నుంచి పుట్టే కంతుల్లో ఇంకో రకం ఉంది, మీ ఇంట్లో పిల్లలుంటే తెలిసి ఉండటం మంచిదని చెబుతున్నాను. పిల్లల చెంప మీద, మెడ మీద, చేతి మీద రాయిలా గట్టిగా తగిలే చిన్న బుడిపె పిలోమాట్రిక్సోమా కావచ్చు. 1880లో మాలెర్బ్, షెనాంతే అనే ఫ్రెంచి వైద్యులు దాన్ని నూనె గ్రంథిలో పుట్టిన సున్నపు గడ్డ అనుకున్నారు. వెంట్రుక మూల కణాలదని 1961లో ఫోర్బిస్, హెల్విగ్ తేల్చి ఆ పేరు పెట్టారు. నిపుణులకే ఎనభై ఏళ్ళు పట్టింది, మీ పెథాలజిస్టు ఒక్క రిపోర్టులో తేల్చలేదని కోప్పడకండి. పిల్లల్లో అది దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేనిదే. దాని క్యాన్సర్ రూపం చాలా అరుదు, వస్తే నడివయసు దాటినవాళ్ళలో, తల, మెడ భాగాల్లో ఎక్కువగా వస్తుంది. తీసినచోటే మళ్ళీ మళ్ళీ రావడం దాని గుణం.

చివరగా మీ ఆయన సంగతి. తల్లికి ఉన్న ఈ మామూలు సిస్టులు పిల్లలకు రావడం తరచూ చూసేదే. కొన్ని కుటుంబాల్లో సగం మందికి ఉంటాయి. వచ్చేది సిస్టు, క్యాన్సర్ కాదు. కొబ్బరినూనె వల్ల, జుట్టుకు వేసే రంగు వల్ల రావు, మానేసినా పోవు. అవి చిన్నగా, కదులుతూ, ఏళ్ళుగా ఒకేలా ఉంటే అలాగే ఉంచుకోవచ్చు. ఫోన్‌లో పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీసి ఉంచండి, ఆర్నెల్లకోసారి పోల్చి చూడవచ్చు. పెరిగినా, పుండుపడినా, అడుగున అతుక్కున్నట్టు తగిలినా తీయించాలి. తీసే రోజున డాక్టరుగారిని ముందే అడగండి, పగలకుండా ఒకే ముద్దగా తీసి పంపించమని. వేసే సీసాలో సెలైనూ స్పిరిట్టూ కాకుండా ముక్కకు పదింతలైనా ఫార్మలిన్ ఉండాలి. రెండు కంతులూ ఒకేరోజు తీస్తే రెండు సీసాలు కావాలి, ఏది తలలో ఏ వైపుదో పైన రాయించండి. ఫారంలో "తల్లికి ప్రొలిఫరేటింగ్ ట్రైకిలెమ్మల్ ట్యూమర్" అన్న ముక్క కూడా రాయమనండి.